సిరా అంటని వేలు

పోలింగుకు ముందురోజు సాయంత్రం మా నాన్న లిఫ్టులో ఒక కుటుంబాన్ని నిలదీశాడు. వాళ్లు మా ఎదురు ఫ్లాటు వాళ్లే. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు, చక్రాల పెట్టెలు. పిల్లల చేతుల్లో ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్లు. సముద్రం చూడ్డానికి దీఘాకు బయల్దేరారని చూస్తేనే తెలుస్తోంది. నాన్న కూరగాయలకని ఖాళీ సంచితో లోపలికి ఎక్కి, తలుపులు మూసుకోగానే తన వర్క్‌షాపు బెంగాలీలో అడిగాడు, రేపు ఓటు కదా, వేసేసి వెళ్లకూడదా అని. ఆయన మర్యాదగానే నవ్వాడు. "ఛుటి, మేసోమశాయ్," అన్నాడు. సెలవండీ బాబాయిగారూ అని. సెలవు ఇచ్చింది ఓటుకి, సముద్రానికి కాదు అన్నాడు నాన్న. ఆవిడ ఫోన్లోకి తల దించుకుంది. పెద్ద పిల్లాడు మా నాన్నను వింతగా చూశాడు. ఇంతలో కింది అంతస్తు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి.

నేను కూడా లిఫ్టులోనే ఉన్నాను. అంతమందిలో నాన్న అలా అడిగినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు అంత నింపాదిగా పెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోతుంటే ఒళ్లు మండింది కూడా. ఎవరి మీద కోపపడాలో తేలని కోపం అది. ఆ ఏడాదంతా నేను అలాగే ఉన్నాను.

"సట్టం సెయ్యాల," అన్నాడు నాన్న కూరగాయలు కొని తెచ్చి, సంచి బల్ల మీద పెడుతూ. "ఓటెయ్యనోడికి జరిమానా ఎయ్యాల. లేపోతే ఈళ్లు మారరు."

ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా వినేదే. అయితే నాన్న ఆ మాట ఎందుకంటాడో తెలియాలంటే ముందు నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు సరిగా రాని వయసులో హౌరా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపుకు వచ్చాడు. ఖలాసీగా చేరి, ఫిట్టరై, చార్జ్‌మన్‌గా రిటైరయ్యాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. మా వరసలో ఒక గుమ్మం తెలుగు, ఒకటి ఒడియా, ఒకటి బిహారీ, ఒకటి బెంగాలీ. పోలింగు రోజున వాళ్లందరూ ఒకే స్కూలు ముందు ఒకే వరసలో నిలబడేవారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకునేది. నాన్న గడ్డం గీసుకుని, కాలికి బూట్లు వేసుకుని వెళ్లేవాడు. నేను చిన్నదాన్ని కాబట్టి వాళ్ల చెయ్యి పట్టుకుని వెళ్లి గేటు బయట నిలబడేదాన్ని.

నాన్న చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. వర్క్‌షాపులో ఒక ఫోర్‌మన్ ఉండేవాడట. ఖలాసీలను పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదట, ఈలవేసి పిలిచేవాడట. నాన్న మొదటిసారి ఓటుకు వెళ్లినప్పుడు ఆ ఫోర్‌మన్ ఆలస్యంగా వచ్చి నాన్న వెనకాల నిలబడ్డాడు. ముందుకు వెళ్లబోతే బూత్ దగ్గర పోలీసు, వరసలో రమ్మని వెనక్కి పంపాడు. ఆ ఎండలో ఫోర్‌మన్ ఓ గంటసేపు ఖలాసీ వెనకాల నిలబడ్డాడు. ఆ రోజు తను ఎవరికి ఓటేశాడో నాన్నకు ఇప్పుడు గుర్తులేదు. గెలిచినవాడెవడో కూడా గుర్తులేదు. వెనకాల ఎవరు నిలబడ్డారో మాత్రం గుర్తుంది.

అందుకే ఓటు వేయనివాళ్ల మీద నాన్నకున్న కోపం అందరికీ ఉండే కోపం లాంటిది కాదు. ఎవరికి వేశారన్నది ఆయనకు పట్టదు. "లైన్లోకి రావాల. వచ్చి ఏదీ నొక్కకపోనీ, నాకేటి? లైన్లోకైతే రావాల," అంటాడు. లైన్లోకి రానివాడు తనకంటే కిందివాళ్ల వెనక నిలబడడం ఇష్టంలేక రానివాడేనని ఆయన నమ్మకం.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోలేను. దానికి కారణం మెటియాబ్రుజ్.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఎన్నికలొస్తే మా బోటి వాళ్లకు డ్యూటీ పడుతుంది. పడిందంటే వెళ్లి తీరాల్సిందే, కాదంటే కేసు పెడతారు. ఓటు వేయించడం చట్టం, వేయడం ఇష్టం. ఈ తమాషా మీద మా బ్రాంచిలో ప్రతిసారీ నవ్వుకుంటాం. అంతకు ముందు వచ్చిన ఎన్నికల్లో నాకు మెటియాబ్రుజ్‌లో, దర్జీలుండే ఒక ఇరుకు సందులోని స్కూల్లో డ్యూటీ పడింది. ఆ సందులో ప్రతి ఇంటి మేడ మీదా కుట్టు మిషన్లే. పోలింగు రోజున కూడా అవి ఆగలేదు. పండగ ముందు రోజులు, దుకాణాలవాళ్ల ఆర్డర్లు తెమలాలి. బూత్ లోపల మేము పేర్లు చదువుతుంటే పైనుంచి మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. చున్నీ అంచుకు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. తొందరగా అయిపోతుందా అని అడిగింది. వరస పొడుగ్గా ఉంది. ఆవిడ కాసేపు నిలబడి, సందు వైపు చూసి, మళ్లీ నిలబడి, చివరికి వెళ్లిపోయింది. సాయంత్రం పోలింగు ముగిసే వేళకు పరుగెత్తుకుంటూ వచ్చింది కానీ గేటు వేసేశారు. గేటు అవతలినుంచి పోలీసుతో ఏదో చెప్పింది. కోపంగా కూడా కాదు, అలవాటైన పనిలాగా చెప్పి వెళ్లిపోయింది. ఆ మేడల మీద కుట్టే మగవాళ్లలో సగం మందికి అక్కడ ఓటే లేదని మా బూత్‌లోని పార్టీ ఏజెంటు ఒకాయన తరవాత చెప్పాడు. ఓట్లు ఊళ్లలో ఉన్నాయి, వాళ్లిక్కడ ఉన్నారు, అంతే.

ఆ రోజు నుంచి నాన్న జరిమానా అన్నప్పుడల్లా నాకు ఆ చున్నీ కళ్లకు కడుతుంది. జరిమానా వేస్తే మా ఎదురు ఫ్లాటాయన దాన్ని హోటలు బిల్లులో కలుపుకుంటాడు. ఆవిడ మాత్రం ఎన్ని బట్టలు కుడితే అది తీరుతుంది? ఈ మాట నాన్నతో అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఆవిడకు ఆ పూట సెలవివ్వని యజమానికి వెయ్యాలి జరిమానా అన్నాడు. అదెవరు చూస్తారు నాన్నా అంటే, సట్టం ఉంటే ఎవరో ఒకరు చూస్తారన్నాడు. చట్టాల మీద మా నాన్నకున్న నమ్మకంలో నాకు పావు వంతైనా ఉంటే ఇంకాస్త సుఖంగా బతికేదాన్ని.

అమ్మ పోయాక నాన్న, కొత్తగా ఫ్లాట్లు లేచిన న్యూ టౌన్‌లో నా దగ్గరికి వచ్చేశాడు. వచ్చాడే కానీ ఓటును లిలువాలోనే ఉంచేశాడు. మార్పించుకో నాన్నా అని ఎన్నోసార్లు చెప్పాను. "నన్నెరిగినోళ్లు అక్కడున్నారు. ఇక్కడ ఎవుడి ఎనకాల నిలబడాలో కూడా తెలీదు," అనేవాడు. అది నిజమే. మా కాంప్లెక్సులో పక్క ఫ్లాటులో ఎవరుంటారో లిఫ్టు చెడిపోయి అందరూ మెట్లెక్కిన రోజున తప్ప తెలియదు.

ఎన్నికలు నెల రోజులున్నాయనగా మా కాంప్లెక్సు సర్వసభ్య సమావేశం జరిగింది. నీళ్ల మోటార్లు, పార్కింగు, వీధికుక్కలు అయ్యాక కార్యదర్శి ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగాడు. ఆయన రిటైరైన ఇంజనీరు, మంచివాడు, ఎవరినీ నొప్పించడు. నాన్న లేచాడు. పోలింగు అయ్యాక వేలికి సిరా చూపించనివాళ్లకు ఏడాదిపాటు పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ కమ్యూనిటీ హాలు ఇవ్వకూడదని తీర్మానం చెయ్యమన్నాడు. కొందరు నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా ఎదురు ఫ్లాటాయన కూడా ఉన్నాడు. ఇది నేను నా కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. మా పై అంతస్తులో స్నేహితురాళ్లతో కలిసి అద్దెకుంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాను ఓటు వేయననీ, వేయలేననీ హిందీలో చెప్పింది. తన ఓటు తెలంగాణలో వాళ్ల ఊళ్లో ఉందట. రైలు ప్రయాణమే పోను ఒక రోజు, రాను ఒక రోజు, ఆఫీసువాళ్లు ఇచ్చేది ఒక్కరోజు సెలవు. ఇక్కడికి మార్పించుకుందామంటే అద్దె కాగితం మీద సంతకం చేయడానికి ఇంటాయన ఇష్టపడడు. అలాంటి వాళ్లకు హాలు ఇవ్వబోమంటే అది న్యాయమా అని అడిగింది. ఎక్కడా ఆగకుండా అడిగింది.

ఎటూ తేలక కార్యదర్శి మధ్యేమార్గం కనిపెట్టాడు. పోలింగు రోజు సాయంత్రం హాల్లో టీ, సందేశ్ మిఠాయి ఏర్పాటు. సిరా ఉన్నవాళ్లే రావాలి. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. నాన్నకు మాత్రం మండిపోయింది. "సట్టం అడిగితే మిఠాయి సేతిలో ఎడతారేటి," అన్నాడు మెట్లు దిగుతూ. వెనకాలే వస్తున్న ఆ అమ్మాయి తెలుగు విని ఆగిపోయింది. మీరు తెలుగోళ్లా తాతా అంది. అలా మొదలైంది వాళ్లిద్దరి పరిచయం. ఆ తరవాత ఆదివారాలు పెరుగుపచ్చడికో పప్పుచారుకో మా ఇంటికి దిగేది. తిన్నంతసేపూ ఇద్దరూ ఓటు గురించే పోట్లాడుకునేవారు. నాన్న 'ఏటి' అన్నప్పుడల్లా ఆ పిల్లకు నవ్వొచ్చేది. ఆ పిల్ల 'పోతున్న' అంటే నాన్న 'ఎక్కడికి' అనేవాడు.

పోలింగు రోజు తెల్లవారుతూనే నేనూ నాన్నా బయల్దేరాం. ఆసారి నాకు డ్యూటీ పడలేదు. ముందు లిలువా, తిరిగొచ్చాక న్యూ టౌన్‌లో నా ఓటు అనుకున్నాం. జాబితాలో పేరుందో లేదో ఫోన్లో చూస్తానని అంతకుముందే అన్నాను. "నా పేరు ఫోన్లో సూసేదేటి," అని నాన్న ఓటరు కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండ్లన్నీ ఎన్నికల పనికి పోవడంతో కారు దొరకడం కష్టమైంది. ఎలాగో హౌరా చేరి, అక్కడ లోకల్ రైలెక్కి లిలువాలో దిగాం. నాన్న ఎప్పటిలాగే గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని వచ్చాడు. స్టేషను బయట టోటో అనే బ్యాటరీ రిక్షావాడితో బేరమాడే ఉత్సాహం కూడా వచ్చింది. ఆ వీధుల్లో నడుస్తుంటే ఆయన వయసు తగ్గినట్టే కనిపిస్తాడు.

స్కూలుకు కాస్త ఇవతల, దారికి ఇటూ అటూ పార్టీల బల్లలున్నాయి. వాళ్లే జాబితాలో పేరు వెతికి చీటీ రాసిస్తారు. మొదటి బల్ల దగ్గర కుర్రవాడు నాన్న కార్డు చూసి పేజీలు తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు, లేదన్నాడు. నాన్న పెద్దగా పట్టించుకోలేదు. వీళ్లకు చదవడం రాదని నాతో తెలుగులో అని ఎదుటి బల్ల దగ్గరికి నడిచాడు. వాళ్లు కూడా వెతికారు. అక్కడా లేదు. ఆ వీధిలో ఆ రెండు పార్టీలూ ఒక మాట మీద నిలబడడం నేను అదే మొదటిసారి చూశాను.

అయినా నాన్న వరసలో నిలబడ్డాడు. నేను ఆపలేదు. ముందు నిలబడినవాళ్లలో పాత క్వార్టర్లలో మా పక్కింటి బిహారీ ఆయన ఉన్నాడు, నాన్నతో కలిసి పనిచేసినవాడు. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించీ, వర్క్‌షాపు క్యాంటీన్ గురించీ మాట్లాడుకున్నారు. ఆయన లోపలికి వెళ్లి వేలు చూపిస్తూ బయటికొచ్చాడు. నాన్న వంతు వచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను.

బల్ల దగ్గర కూర్చున్నాయన యువకుడు, బడిపంతులు కావచ్చు. ఓపిగ్గానే వెతికాడు. పేరు తీసేశారని చెప్పాడు. విచారణకు వచ్చినప్పుడు ఆ చిరునామాలో మీరు లేరు, వెళ్లిపోయినట్టు రాసుకున్నారన్నాడు. నాన్న కార్డు ఆయన ముందు పెట్టాడు. కార్డు ఉంటే చాలదు తాతగారూ, జాబితాలో పేరుండాలి అన్నాడాయన. నేను ఉన్నాను కదా, మీ ముందు నిలబడ్డాను కదా అన్నాడు నాన్న. వెనకాల వరసలో విసుగు మొదలైంది. ఎవరో త్వరగా కానివ్వమన్నారు.

అక్కడ తప్పు ఎవరిదని చెప్పను? అమ్మ పోయాక ఆయన ఆ చిరునామాలో నిజంగానే లేడు. ఎవరో వచ్చి తలుపు తట్టి ఉంటారు, కొత్తగా చేరినవాళ్లు తెలియదని ఉంటారు. నియమం ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది. అందుకే నాకు ఇంకా చిరాకేసింది. ఎవరైనా దొంగతనం చేసి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కార్డు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చే ముందు ఒక్క పని చేశాడు. సిరా వేసే అమ్మాయి దగ్గర ఆగి ఎడమ చెయ్యి చాపాడు. ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో తెలియక పంతులు వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను గుమ్మంలోంచి లోపలికి వెళ్లకూడదు కాబట్టి అక్కడే నిలబడిపోయాను.

రైల్లో వచ్చినంతసేపూ నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేనొకటి రెండుసార్లు ఏదో అన్నాను. నీకెన్నిసార్లు చెప్పాను మార్పించుకోమని, అన్న మాట కూడా నోట్లోంచి వచ్చేసింది. ఆ పూట అది అనకుండా ఉండాల్సింది. అన్నాక మాత్రం ఏం చేస్తాం? ఇంటికి చేరి, నాన్నను దింపి, నేను మా కాంప్లెక్సు పక్క స్కూల్లో ఓటు వేశాను. వరసలో నా ముందున్నవాళ్లు ఫోన్లో క్రికెట్ చూస్తున్నారు. నేను ఎవరికి వేశానో నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పట్టలేదు. విసురుగా నొక్కి వచ్చాను.

సాయంత్రం కమ్యూనిటీ హాలు దగ్గర సందడిగా ఉంది. కార్యదర్శి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి వేలూ చూస్తూ, సినిమా టిక్కెట్లు చింపేవాడిలాగా నటిస్తూ లోపలికి పంపుతున్నాడు. అందరూ వేళ్లు పైకెత్తి ఫోటోలు దిగుతున్నారు. నాన్న రానన్నాడు. తీర్మానం పెట్టింది నువ్వే కదా, రాకపోతే ఏదో అనుకుంటారని నేనే బలవంతంగా కిందికి తీసుకెళ్లాను. గుమ్మం దగ్గరికి వచ్చాక సంగతి విని కార్యదర్శి నొచ్చుకున్నాడు. మీరు రండి బాబాయిగారూ, మిమ్మల్ని ఎవరడుగుతారు అని చెయ్యి పట్టుకున్నాడు. నాన్న చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. రూలు మీరే పెట్టారు, నాకోసం మార్చకండి అని బెంగాలీలో చెప్పి, పిల్లలు ఆడుకునే చోట బెంచీ మీద కూర్చున్నాడు.

పై అంతస్తు అమ్మాయి అప్పుడే వంటపని ముగించుకుని గాలికి కిందికి దిగింది. విషయం నేనే చెప్పాను. ఆ పిల్ల నాన్న పక్కన కూర్చుంది. హాల్లోంచి ఎవరో మా కోసం టీ పంపారు. ముగ్గురం తాగాం.

"తాతా, మీరు చెప్పిన చట్టం వస్తే రేపు మనిద్దరికీ ఒకటే నోటీసు వస్తది," అంది ఆ పిల్ల. వెక్కిరింపుగా అనలేదు. ఆదివారాల వాదనలో మిగిలిన ముక్కను జాగ్రత్తగా అక్కడ పెట్టినట్టు అంది.

నాన్న కప్పు అడుగున మిగిలిన టీ పారబోశాడు.

"రానీ," అన్నాడు. "నోటీసొస్తే నాను ఎల్లి అడుగుతాను. ఓటెయ్యలేదని జరిమానా ఏత్తన్నారు గదా, మరి నా పేరేదీ అని అడుగుతాను. ఇప్పుడు ఎవుల్ని అడగాల సెప్పు? ఇప్పుడు నాను రాకపోయినా ఒకటే, వచ్చినా ఒకటే. ఎవుడికీ పట్టదు."

ఆ పిల్ల ఖాళీ కప్పులు తీసి బెంచీ కింద పెట్టింది. అంతకాలం నా మనసులో మెటియాబ్రుజ్ ఆవిడను పెట్టుకుని ఆయనతో వాదించాను. ఆవిడ గేటు బయట నిలబడి పోలీసుతో ఏదో చెప్పి వెళ్లిపోయింది. ఎవరూ వినలేదు, ఎవరికీ వినాల్సిన అవసరం లేదు. ఆవిడ రాకపోతే ప్రభుత్వానికి ఏదో లోటు వస్తుందని చట్టంలో రాసి ఉంటే ఆ గేటు ఇంకాసేపు తెరిచి ఉంచేవారా? అలాగని జరిమానా మొదట పడేది కూడా ఆవిడ మీదే కదా? ఆ బెంచీ మీద నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. నాన్న చెప్పింది తప్పని మాత్రం అప్పటంత ధీమాగా అనలేను.

"నోటీసు పంపడానికైతే మన అడ్రస్ దొరుకుతది తాతా, ఓటుకే దొరకదు," అంది ఆ పిల్ల. నాన్న నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

తరవాత వారం నేను నాన్న పేరు న్యూ టౌన్‌లో చేర్చమని దరఖాస్తు పెట్టాను. ఈసారి ఆయన అడ్డు చెప్పలేదు. విచారణకు మనిషి వస్తారన్నారు. రోజులు గడిచాయి కానీ ఎవరూ రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, వచ్చి వెళ్లారు, గేటు దగ్గర లోపలికి రానివ్వలేదట అన్నారు. మా కాంప్లెక్సులో ఎవరు వచ్చినా గేటు దగ్గర కాపలావాళ్లు ఫోన్లోని యాప్ ద్వారా అడుగుతారు, మేం ఒప్పుకుంటేనే పంపుతారు. నేను బ్యాంకులో ఉండగా ఆ అడగడం నా ఫోనుకు వచ్చి, నేను చూడకుండానే పోయిందన్నమాట. లిలువాలో ఆయన లేడని తీసేశారు, ఇక్కడ ఆయన ఉన్నా రానివ్వలేదు. ఆ సాయంత్రం నేను కాపలావాళ్ల మీద, కార్యదర్శి మీద, ఆ యాప్ తయారుచేసినవాడెవడో వాడి మీద కూడా అరిచాను. కాపలా అబ్బాయి పాపం తలొంచుకుని విన్నాడు.

మర్నాటి నుంచి నాన్న పొద్దున్న టిఫిను అయ్యాక ఒక కుర్చీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. నీడ ఎటు జరిగితే కుర్చీ అటు జరుపుకుని కూర్చునేవాడు. వద్దన్నా వినలేదు. అలా ఒక రోజు విచారణకు వచ్చే ఆవిడ దొరికింది. అంగన్‌వాడీలో పనిచేసే మనిషి, భుజానికి సంచీ, చేతిలో గొడుగు. గేటు దగ్గరే నిలబడి నాన్నను అడగాల్సినవన్నీ అడిగి సంతకం తీసుకుంది. తన జాబితాలో ఈ కాంప్లెక్సులో చాలా గుమ్మాలు చూడాల్సి ఉందనీ, పైకి వెళ్లనివ్వరనీ, వెళ్లనిచ్చినా తలుపు తీయరనీ నాన్నతో చెప్పింది. నాన్న కుర్చీ మడిచి కాపలా అబ్బాయికి అప్పగించాడు. పదమ్మా, నేనొస్తాను అన్నాడు.

నేను బ్యాంకు నుంచి ఆ పూట త్వరగా వచ్చాను. లిఫ్టు దిగేసరికి మా అంతస్తులో వాళ్లిద్దరూ ఉన్నారు. నాన్న బెల్లు కొడుతున్నాడు, ఆవిడ వెనకాల గొడుగు పట్టుకుని నిలబడింది. అప్పటికి రెండు బ్లాకులు తిరిగారట. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కువ తెరుచుకోలేదు. పై అంతస్తు అమ్మాయి మాత్రం ఇంటాయనకు మళ్లీ ఫోన్ చేసి సంతకం అడుగుతానందట. ఆయన చేస్తాడని ఆ పిల్లకు నమ్మకం లేదు, నాకూ లేదు.

నాన్న చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఇంక చాలు, రేపు తిరుగుదువుగాని రా నాన్నా అన్నాను. ఆయన నా మాట విన్నట్టే లేడు. మళ్లీ బెల్లు కొట్టాడు. లోపల టీవీ మోగుతోంది. కాసేపటికి గొలుసు వేసే ఉన్న తలుపు కొంచెం తెరుచుకుంది, సందులోంచి ఒక కుర్రాడి మొహం కనిపించింది. ఏం కావాలని అడిగాడు. ఓటుకు పేరు రాయించావా బాబూ అన్నాడు నాన్న బెంగాలీలో. "పరే, కాకూ," తరవాత చూద్దాం బాబాయ్ అని అతను తలుపు మూసేశాడు. నాన్న ఒక్క క్షణం ఆ తలుపు వైపు చూసి, పక్క గుమ్మం దగ్గరికి నడిచాడు.